యాదగిరి గారి పచ్చిక

తొమ్మిదేళ్లుగా ఒక గుప్పెడు మొక్కను మోస్తున్నాను. నీళ్లు పిండేసి తూస్తే పది గ్రాములుండదు. మోసేవాడికి మాత్రం తెలుస్తుంది దాని బరువు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పుకోగలుగుతున్నాను.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి. అది తెలియకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ఖతార్‌లోని మెసయీద్‌లో మా కంపెనీ క్వార్టర్స్‌లో, నా హాల్లో నాలుగడుగుల అక్వేరియం ఉంది. అడుగున ఈ చివరి నుంచి ఆ చివరికి మాంటే కార్లో అనే మొక్క పచ్చగా అల్లుకుని ఉంటుంది. ఆకు పెసరబద్దంత. మట్టి రవ్వంత కూడా కనబడదు. లైటు వేసిన రెండు గంటలకు ఆకు ఆకుకీ ఒక బుడగ పుట్టి, తెగి, పైకి పోతుంది. దోహా నుంచి కార్లు వేసుకుని వచ్చి మరీ చూసిపోతారు. కత్తిరించిన ముక్కలు అడిగి పట్టుకెళ్తారు. ఖతార్‌లో నాకు తెలిసిన ఏ తెలుగువాడి తొట్టిలో ఈ పచ్చిక ఉన్నా, ఆరా తీస్తే నా హాల్లోనే తేలుతుంది. పొగరే అనుకోండి. ఎండకు ఇనుప గేటు ముట్టుకోలేని ఊళ్లో నీళ్ల కింద పచ్చిక పెంచినవాడికి ఆ మాత్రం ఉండదా?

కానీ మొదట దాన్ని పెంచింది నేను కాదు.

యాదగిరి గారు మా కింది అంతస్తులో ఉండేవారు. కరీంనగర్ వైపు మనిషి. వెల్డింగ్ ఫోర్‌మన్. నాకంటే పదేళ్లు పెద్దవారైనా నన్ను సార్ అనేవారు. నేను ప్లాంటు ల్యాబ్‌లో కెమిస్టుని, నీటి పరీక్షలే నా ఉద్యోగం. అలాంటి నేను మూడుసార్లు పచ్చిక వేస్తే మూడుసార్లూ కుళ్లిపోయింది. ఆయన మొదటిసారే పట్టించారు. నీళ్లు పోయకుండా, తడిమట్టి మీద చిన్న చిన్న కుచ్చులు వేలెడు దూరంలో నాటి, తొట్టి మీద ప్లాస్టిక్ కవరు బిగించి, ఇస్త్రీకి వాడే స్ప్రే బాటిల్‌తో రోజూ తడుపుతూ ఆరు వారాలు ఆగారు. వేళ్లు పట్టాకే నీళ్లు నింపారు. నేనేమో నాటిన పూటే నింపేవాణ్ని. ఇంత చదివి నాకు రానిది ఆయనకు ఓపికతో వచ్చింది. ఆ పచ్చదనం చూసి శభాష్ అన్నాను. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేకపోయాను.

ఆ జూలైలో ఆయన సెలవు మీద ఊరెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఏసీ ఆపకూడదు, వారానికోసారి పావువంతు నీళ్లు మార్చాలి.

"ఎర్ర గుర్తున్న నల్లా తిప్పుండ్రి సార్. గీజర్ బంద్ జేసే ఉంచిన," అన్నారు.

నాకు చెప్పాలా? ఇక్కడ వేసవిలో మేడ మీద ట్యాంకు కాగిపోతుంది. చన్నీళ్ల కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేం. అందుకని అందరం గీజర్ ఆపేసి, ఏసీ చలువకు దానిలో చల్లబడిన నీళ్లే ఎర్ర గుర్తు కుళాయిలోంచి వాడుకుంటాం. కొత్తగా దిగినవాళ్లు మాత్రం ఒకసారి నీలం గుర్తు కుళాయి నమ్మి చెయ్యి కాల్చుకుంటారు. నేను అప్పటికే ఎనిమిదేళ్ల పాతకాపుని.

మూడో శుక్రవారం, మిట్టమధ్యాహ్నం, నీలం గుర్తు కుళాయికి పైపు తగిలించాను.

పొరపాటా? చాలా ఏళ్లు పొరపాటే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను, డ్యూటీ అలసటనీ, ధ్యాస ఎక్కడో ఉందనీ, ఎంత పాతవాడికైనా చెయ్యి ఒకసారి తప్పుతుందనీ. మరి కొలవకుండా చెంబెడు నీళ్లు కూడా తొట్టిలో పోయనివాణ్ని, ఆ రోజు థర్మామీటరు జేబులోంచి ఎందుకు తీయలేదు? పావువంతు అన్నచోట సగానికి పైగా ఎందుకు మార్చాను? నీళ్లు నిండుతుంటే పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన పెంచుకుంటున్న చిన్న రొయ్యలు నా కళ్ల ముందే ఎర్రబడ్డాయి.

వాటిని ఏరి పారేశాను. ఉడికిన రొయ్యను చూస్తే ఎవరికైనా సంగతి తెలిసిపోతుంది కదా. నాలుగు రోజుల్లో ఆకులు పాలిపోయి, జిగురుగా మారి పైకి తేలాయి. అప్పుడు ఏసీ మెయిన్ స్విచ్ నేనే దించి రెండు రోజులు వదిలేశాను. అబద్ధంలో కూడా ల్యాబ్ పద్ధతి మానలేదు.

ఆయన వచ్చిన రోజు, "ఏసీ ట్రిప్పయిందండీ, నేను చూసేసరికే ఆలస్యమైపోయింది," అన్నాను.

యాదగిరి గారు చాలాసేపు తొట్టిలోకి చూశారు. "మిషన్ కద సార్, మీరేం జేస్తరు? డ్యూటీ జేస్కుంట గూడ వచ్చి చూసిండ్రు, అదే శాన. మీరు మనసుల వెట్టుకోకుండ్రి," అన్నారు.

నన్నే ఓదార్చారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆ చలికాలానికి నా తొట్టి పచ్చగా అల్లుకుంది. ఆయన పద్ధతిలోనే పెంచాను. తడిమట్టి, ప్లాస్టిక్ కవరు, ఆరు వారాల ఓపిక. అది మాత్రం నా కష్టమే, అందులో అబద్ధం లేదు. ఒక స్వీటు డబ్బాలో గుప్పెడు మొక్క పెట్టి ఆయనకు ఇచ్చాను. రెండు చేతులా అందుకున్నారు. "మీ చెయ్యి మంచిది సార్," అన్నారు. అప్పటి నుంచి తన తొట్టి చూడటానికి ఎవరొచ్చినా, ఇది మా సార్ పెట్టిన మొక్క అని చెప్పేవారు. నేను పక్కనే ఉండి వినేవాణ్ని. నిజం చెబుతున్నాను, వినడానికి బాగుండేది.

పోయిన నెల ఆయన ఉద్యోగం ముగించుకుని పూర్తిగా ఊరెళ్లిపోయారు. వెళ్లే ముందు తొట్టి అమ్మేసి, అందులోని మొక్కంతా అదే స్వీటు డబ్బాలో పెట్టి తెచ్చారు. "మీది మీకే ఇచ్చిపోతున్న సార్," అన్నారు. డబ్బా తీసుకున్నాను. నా తొట్టిలో ముందు వరసలో నాటాను. ఇప్పటికే కలిసిపోయింది. ఏది ఎవరు పెంచిందో నేనే పోల్చలేను.

ఆయన ఊరి నంబరు నా ఫోన్లో ఉంది. చేయలేదు. చేస్తానో లేదో తెలియదు. చేసినా, మిషన్ కద సార్ అన్న మనిషి ఈసారి ఏమంటారో నాకు తెలియదు. ఇవాళ సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు ఇండస్ట్రియల్ ఏరియా నుంచి వచ్చి చూసి, ఎలా పెంచారండీ అని అడిగారు. గర్వంగానే చెప్పాను. వాళ్లు వెళ్లాక ఇది రాయడానికి కూర్చున్నాను.

ఇంకొక్కటి మిగిలింది, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది. ఆ శుక్రవారం పైపు తగిలించడానికి ముందు, కత్తెర తీసుకుని ఆయన పచ్చికలో వెనక మూల నుంచి ఒక గుప్పెడు కోశాను. డబ్బాలో నీళ్లు పట్టి అందులో వేసి, మూత పెట్టి, జాగ్రత్తగా పక్కన ఉంచాను. తర్వాత నా తొట్టిలో నాటింది దాన్నే. ఆ డబ్బాలో పట్టిన నీళ్లు ఎర్ర గుర్తు కుళాయివి.