మామ బండికి బోర్డు రంగు

ఈ మధ్య రోడ్డు మీద నన్ను చూసి ఎవరైనా నవ్వితే నేనేమీ అనడం లేదు. నవ్వడానికి వాళ్ళకొక కారణముంది. ఆ కారణం మీద కూర్చొనే నేను రోజూ ఆదోని నుంచి కౌతాళం దారిలో ఉన్న మా పల్లె బడికి పోతున్నాను.

ఆ బండి మా మామది. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన దుప్పట్లు వెనక కట్టుకొని, సి.బెళగల్ దాకా పల్లెపల్లె తిరిగి అమ్మినాడు. నల్ల బండి. దాని ట్యాంకు ఎంత తుడిచేవాడంటే, ఇద్దరూ యాడికన్నా బయలుదేరితే మా అత్తమ్మ ఆ ట్యాంకులోకి వంగి, మొగం చూసుకొని, జుట్టు సరిచేసుకొని ఎక్కేది. “నీ మొగం సూసుకుంటే గానీ నా బండి స్టార్ట్ కాదే” అనేవాడు మామ.

మామ పోయినాక బండి నా దగ్గరికి వచ్చింది. ఒక వానాకాలం వసారాలో నిలబడి తుప్పు పట్టింది. దసరా దగ్గర పడగానే అత్తమ్మ ఫోన్ చేసింది. “ఆయుధపూజకు వస్తానప్పా. ఆ బండిని ఒక్కసారి సూసి పోతా.”

మామ లేని మొదటి దసరా. మా ఆవిడ పద్మ అన్నది, “ఎవరన్నా పెయింటరుకు ఇయ్యండి. మా అమ్మ దానికోసమే వస్తాంది.”

ఆయుధపూజ ముందు ఆదోనిలో ఏ పెయింటరు ఖాళీగా ఉంటాడు! అందరి బండ్లూ వాళ్ళ షాపుల్లోనే ఉన్నాయి. “పండగైనాక తెండి సార్” అన్నారు. అయినా నాకు లోలోపల సంతోషమే. సొంత చేత్తో చేసుకున్న పనికి విలువెక్కువని పిల్లలకు చెప్పే మనిషిని గదా!

పిల్లలకు ఇంకొక కథ కూడా చెప్తుంటాను. ఒకాయన ఎద్దును సంతకు తోలుకుపోతూ, బాగుంటుందని కొమ్ములకు రంగేసినాడు. ఆరేదాకా ఆగలేదు. దోవలో ఎద్దు ఆ కొమ్ములు తీసుకుపోయి ఆయన తెల్లపంచెకు రుద్దింది. సంతలో ఎద్దును ఎవరూ చూడలేదు. అందరూ ఆయన్నే చూసినారు. కాబట్టి పిల్లలూ, ఓపిక ముఖ్యం.

ఆ ఓపికతోనే ఆదివారం పొద్దున మొదలుపెట్టినాను. శాండ్ పేపరుతో పాత రంగంతా గీకినాను. లైటుకు, మీటరుకు పేపర్లు చుట్టినాను. స్ప్రే డబ్బాలు తెచ్చి వాకిట్లో కోటింగు మీద కోటింగు కొట్టినాను. అబ్బా, ఏం మెరుపు! వంగి చూస్తే నా మొగమే నాకు కనపడింది. కథలో ఎద్దు ఆసామి మాదిరి తొందరపడకూడదని, ఆరనిచ్చి లోపలికి పోయి టీ తాగినాను.

మా వీధి వెనకనే జిన్నింగు మిల్లు. దసరాకు కొత్త పత్తి లారీలు వస్తాయి, గాలిలో దూది ఎగురుతుంది. ఇన్నేళ్ళుగా ఆ దూదిలోనే ఉంటున్నాం కాబట్టి అది ఉన్నట్టే మాకు తెలియదు.

టీ తాగి బయటికి వచ్చేసరికి బండికి గడ్డం మొలిచింది. ట్యాంకుకు తెల్ల వెంట్రుకలు! మడ్ గార్డుకు మీసాలు!

పక్కింటి మస్తానన్న గోడ మీద నుంచి చూసినాడు. “క్యా సార్, చలికాలం ఇంకా రాకముందే బండికి స్వెట్టర్ ఏసినావే?”

వేళ్ళతో పీకబోతే వేళ్ళకు రంగు, రంగుకు దూది. ఇక లాభం లేదని థిన్నరుతో మొత్తం తుడిచేస్తే ఇనుము బయటపడింది. స్ప్రే డబ్బాలేమో అయిపోయినాయి.

అప్పుడు మూలనున్న డబ్బా కంటబడింది. ఎండాకాలం సెలవుల్లో మా బడి బోర్డుకు నేనే రంగేసినాను. అందులో మిగిలింది. నలుపు. చిటికెలో ఆరుతుంది, దూది అంటుకునే సందే ఉండదు. నలుపు నలుపే గదా! ఈసారి బండిని లోపలికి తోసి, తలుపు మూసి, బ్రష్షుతో నున్నగా వేసినాను. ఎంత బాగా కుదిరిందో! మెరుపొక్కటే లేదు. అది పాలిష్ కొడితే వస్తుందనుకున్నాను.

మరునాడు పాలిష్ కొట్టినాను. రాలేదు. మామ బండి మొగం చూపించేది, నా బండి మొగం చాటేసింది.

అది సెలవులకు ముందు చివరి పనిదినం. బడి వరండా పక్కన బండి పెట్టి ఆఫీసు గదిలోకి పోయి వచ్చేలోపల ట్యాంకుకు ఒక వైపు రెండో ఎక్కం, ఇంకొక వైపు కోడిపెట్ట బొమ్మ. పైగా సైడు బాక్సు మీద మూలగా, పద్ధతిగా, ‘మొత్తం, హాజరు, గైరుహాజరు’!

“ఎవరు రాసింది?” అన్నాను.

మూడో తరగతి లక్ష్మి లేచి నిలబడింది. “సార్, మీరు బోర్డు బయటికి తెచ్చినారనుకొంటిమి సార్.”

ఇంటికి పోయి పద్మకు జరిగింది చెప్పినాను. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. “మా నాయన బండి” అని ఒక్క మాట అని లోపలికి పోయింది. తరువాత వచ్చి, “ఇంక మీరు దాన్ని ముట్టుకోవద్దండి” అన్నది. ముట్టుకోలేదు.

పూజ రోజు పొద్దున అత్తమ్మ ఎమ్మిగనూరు బస్సు దిగి వచ్చింది. కాళ్ళు కడుక్కొని నేరుగా బండి దగ్గరికి పోయింది. ట్యాంకు మీదికి వంగింది. అలవాటుగా చెయ్యి జుట్టు దాకా లేచింది.

ట్యాంకులో ఏమీ లేదు. చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

జీవితంలో ఎన్ని తప్పులు దిద్దినానో! ఆ నిమిషం నా తప్పును ఎట్ల దిద్దాలో తెలియలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసినాను, దూదితో సహా.

పద్మ పసుపు కుంకుమల పళ్ళెం తెచ్చి వాళ్ళమ్మ ముందు పెట్టింది. “నువ్వే బొట్టు పెట్టు మా.”

అత్తమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. “నేను పెట్టరాదులేమ్మా. నువ్వు పెట్టు.”

“ఈ కాలంలో కూడా అవన్నీ యాడివి మా?”

“వద్దులే తల్లీ.”

పద్మ కళ్ళు తుడుచుకుంటూ హ్యాండిలుకు బొట్టు పెట్టింది. అత్తమ్మ చూపు ట్యాంకు మీదే ఉంది. ఆ రోజు బడిలోనే నేను ఎంత తుడిచినా పోని రెండో ఎక్కం అక్కడ లీలగా కనపడుతోంది.

“ఇదేందప్పా?”

“పిల్లలు రాసినారు అత్తమ్మా.”

“దీని మీద రాస్తే పడుతుందా?”

“బాగా పడుతుంది” అన్నాను తల వంచుకొని.

“సుద్దముక్క ఉందా?”

పంతులు జేబులో సుద్దముక్క లేకుండా ఎట్లుంటుంది! తీసిచ్చినాను.

“కుంకుమ నేను ముట్టరాదు. సుద్దముక్కను గురించి ఎవరూ ఏమీ అనలేదు గదా!” అని బండి పక్కన కూర్చుంది. చుక్కలు పెట్టి, ట్యాంకుకు రెండు వైపులా పద్మం ముగ్గు వేసింది. గీత ఎక్కడా వణకలేదు. వేసినాక కొంచెం దూరం జరిగి చూసుకొని, ఉన్నట్టుండి నవ్వింది. “మీ మామ ఉంటే, నా బండిని గడప చేసినావేమే అని ఎంత అరుస్తుండెనో!”

మేమూ నవ్వినాము. పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. “మొగం కనపడలేదని బాధపడొద్దు అల్లుడా. ఈ ఏడు నాకు సూసుకోవాలని కూడా లేదు.”

పండగైనాక పెయింటరు తనే పిలిచినాడు. వద్దన్నాను. సెలవులైపోయి బడి తెరిచిన రోజు లక్ష్మి డస్టరు పట్టుకొని బండి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. “సార్, బోర్డు తుడవాల్నా సార్?” ఇన్నేళ్ళలో బోర్డు తుడవద్దని నేను చెప్పడం అదే మొదలు.

మొన్న బడికి బయలుదేరుతుంటే వాన పట్టుకొంది. సుద్ద గదా, తడిస్తే పోతుంది. నా రైన్ కోటు తీసి ట్యాంకుకు తొడిగి, గుండీలన్నీ పెట్టి, నేను తడుస్తూ ఎక్కినాను.

గోడ మీద నుంచి మస్తానన్న. “క్యా సార్, స్వెట్టర్ అయిపాయె, ఇప్పుడు రైన్ కోటా?”

గట్టిగా ఒక జవాబు చెబుదామని నోరు తెరిచినాను. తుమ్ము వచ్చింది.