సలహాదారు కుర్చీ

రథసప్తమి నాడు మా మరిది కొడుకు నన్ను కల్లంలోంచి తీసేశాడు. నా ఎదుటే, నా చేతే తల ఊపించి మరీ తీసేశాడు.

మా ఆయన పోయాక మా మిర్చి వ్యాపారంలో సగం వాటా నాది. ఎండుకాయల్లోంచి తాలు, అంటే తెల్లబోయిన కాయ, ఏరించడం నా పని. నేను చూడందే బస్తా మూతి కుట్టేవాళ్ళు కాదు. ఆ రోజు కంప్యూటర్లో బయటి దేశపు కొనుగోలుదార్లతో మీటింగు. వాడు నా వైపు చూసి నవ్వుతూ "విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్" అని మొదలుపెట్టి ఏదో చెప్పాడు. రెస్పెక్ట్ అంటే తెలుసు కనుక తల ఊపాను.

"ఏమన్నావురా?"

"ఆఫ్‌లైన్ మాట్లాడుకుందాం పెద్దమ్మా."

మర్నాడు కల్లంలో నా కుర్చీ లేదు. ఆఫీసు గదిలో వేశారు. నేనిప్పుడు సలహాదారునట.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మనవరాలికి ఫోన్ చేశాను.

"అలా మొదలెడితే తీసిపారేయబోతున్నారని అర్థం అమ్మమ్మా."

"మరి ఆఫ్‌లైన్?"

"ఇక్కడ నోరెత్తకు అని. తర్వాత ఎవరూ మాట్లాడరు."

"సర్కిల్ బ్యాక్ అంటాడే, అది?"

"మళ్ళీ చూద్దామని. చూడరు."

"ఉన్నదున్నట్టు ఒక్క ముక్కా చెప్పరుటే మీ ఆఫీసుల్లో?"

"చెప్పకుండా ఉండటానికేగా జీతమిచ్చేది."

మధ్యాహ్నం పారాయణ మానేసి ఆ మాటలు నోరు తిరిగేదాకా వల్లించాను. ఇంగ్లీషు మీద ప్రేమతో కాదు.

ఉగాది ముందు సరుకు ఓడకు వెళ్ళాలి. మూతి దగ్గర మంచి కాయ పెట్టి, బస్తాల నడుమ వాడు తాలు కుక్కించాడని ఏరే ఆడవాళ్ళు నాకు చెప్పారు. కుర్చీ మార్చినవాడు ఒకటి మరిచాడు. నా సంతకం లేనిదే లోడు కదలదు.

మళ్ళీ మీటింగు. కాగితం నా ముందుకు జరిపాడు.

"సంతకం పెట్టండి పెద్దమ్మా."

నేను తెర వైపు తిరిగి, "విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్" అన్నాను. అవతలివాళ్ళు చెవులు రిక్కించారు. నేను వాడి వైపు తిరిగాను.

"మిగతాది నీకు తెలుగులో చెప్పనా, వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పనా?"

గొంతు తగ్గించాడు. "ఏం కావాలి పెద్దమ్మా?"

"బస్తాలన్నీ గుమ్మరించాలి. తాలు ఏరాలి. నువ్వూ కూర్చోవాలి."

మర్నాడు కల్లంలో కూర్చున్నాడు. ఏరేముందు ఆడవాళ్ళు చేతులకు కొబ్బరినూనె రాసుకుంటారు. మిర్చి ఇంట్లో పుట్టి కూడా వాడికా సంగతి తెలియదు. నేను చెప్పలేదు గనుక వాళ్ళూ చెప్పలేదు. పొద్దెక్కాక చెమట తుడుచుకుంటూ అదే చేత్తో కళ్ళు నలుపుకున్నాడు.

"పెద్దమ్మా, మంట... ఏం రాస్తే తగ్గుద్ది?"

ఆడవాళ్ళంతా చేతులు ఆపి నా వైపు చూశారు. నూనె సీసా నా కుర్చీ కిందే ఉంది. కుర్చీ ఆ పొద్దునే కల్లానికి తిరిగొచ్చింది.

"ఆఫ్‌లైన్ మాట్లాడుకుందాం" అన్నాను. "గంపలో ఇంకా సగం ఉంది. కానియ్."