ట్యాంకులో రాగి గొట్టం

"నాలుగు మడతలేశానండీ. నాలుగు!"

"నాలుగేస్తే ట్యాంకులోకి ఆ మడ్డి ఎక్కడినుంచి వచ్చింది? పైనుంచి ఊడిపడిందా?"

"నన్నడుగుతారేం? లోపల దూరి చూసొచ్చానా నేను?"

"ఆ గుడ్డ నిండా చిల్లులే!"

"చిల్లులు లేకపోతే నూనె దిగుతుందా? రేకు పెట్టి వడకట్టమంటారా?"

"నోటికేం తక్కువ లేదు. ఆ రోజు నీ వడపోత పుణ్యమా అనే కదా ఆ ముసలావిడ దారిలో..."

అక్కడితో మాటలు తెగిపోయాయి. స్టీలు గిన్నె ఒకటి గచ్చు మీద పడి, గిరగిరా తిరిగి ఆగింది.

వెల్డింగ్ సామాను సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గరే నిలబడిపోయాడు తమ్ముడు. అరిచింది బావ. గిన్నె జారవిడిచింది అక్క. ఆ ముసలావిడ అక్కకీ తనకీ కన్నతల్లి. ఇంకొకరెవరైనా ఆ మాట అని ఉంటే పళ్ళు రాలగొట్టేవాడు. బావని ఏమనగలడు? పదేళ్ళప్పుడు తండ్రి పోతే, చేతికి రెంచి ఇచ్చి పనిలో పెట్టింది ఈ బావే.

బావ ముప్పయ్యేళ్ళు ఫ్రిజ్‌లు బాగుచేసిన మనిషి. రాగి గొట్టాన్ని చేత్తో వంచితే ఎక్కడా సొట్ట పడేది కాదు. ఎవరూ ముట్టుకోని పాత డీజిల్ కారు ఒకటి కొని, ఆస్పత్రి క్యాంటీన్ వాళ్ళు పారబోసే వంటనూనెతో నడిచేలా మార్చాడు. వెనక పెట్టెలో రేకుతో కొత్త ట్యాంకు కట్టాడు. చిక్కటి నూనె పలచబడాలని, ఇంజను వేడినీళ్ళు తిరిగే రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టి అందులో దించాడు. స్టార్టు చెయ్యడానికి మాత్రం చిన్న డబ్బాలో డీజిల్. కారు వెళ్తుంటే వీధంతా వేపుడు వాసనే. "మూకుడొస్తోంది, తప్పుకోండ్రోయ్" అనేవాళ్ళు. బావ కూడా నవ్వేవాడు. అప్పట్లో.

నూనె సంగతి అక్కది. పెరటి వసారాలో కాచి, రెండు రోజులు కదపకుండా ఉంచి, పైతేట గుడ్డలో వడకట్టేది. అప్పుడు రెండే మడతలు.

పోయినేడాది ఓ మధ్యాహ్నం అమ్మకి ఊపిరాడలేదు. వెనక సీట్లో ఎక్కించుకుని బయల్దేరారు. వంతెన మధ్యకొచ్చేసరికి మూకుడు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. చిన్న డబ్బాలోని డీజిల్‌తో వంతెన దిగింది కానీ, ఆస్పత్రి దాకా లాగలేదు. ఇంకో బండి దొరికేలోపు అమ్మ తల అక్క భుజం మీద వాలిపోయింది. ఇంటినిండా జనం ఉండగా బావ అన్నాడు, "నూనె సరిగ్గా వడకట్టి ఉంటే ఆవిడ బతికేది" అని. ఆ నెలనుంచి అక్క గుడ్డ మడతలు నాలుగు చేసింది. తాగే మంచినీళ్ళు కూడా గ్లాసులో పోసి, వెలుగుకి పట్టి చూసుకోవడం మొదలుపెట్టింది.

బండి మాత్రం బాగుపడలేదు. కాసేపు నడుస్తుంది, చచ్చిపోతుంది, పావుగంట ఆగితే లేస్తుంది. ఫిల్టర్లు మార్చీ మార్చీ బావకి తలప్రాణం తోకకొచ్చింది. చివరికి ట్యాంకు కోసి చూద్దామని కబురు పెట్టాడు.

తమ్ముడు దగ్గుతూ లోపలికి వెళ్ళాడు.

"వచ్చావా? రా. మీ అక్క ఘనకార్యం చూద్దువుగాని."

"ముందిది చెప్పు బావా. ట్యాంకు మూత తిప్పితే గాలి బుస్సుమంటోందా?"

"లేదు. గాలి రంధ్రం బాగానే ఉంది. నూనె పీల్చే గొట్టంలోకి వెనక్కి గాలి కొడితే రెండ్రోజులు నడుస్తుంది, మళ్ళీ మామూలే. ట్యాంకు లోపల ఆ గొట్టం మూతికున్న జల్లెడే మూసుకుపోతోంది. వంటింటి మడ్డి!"

తమ్ముడి సంచీలో రెండు గాజు సీసాలున్నాయి. జనరేటర్ మెకానిక్ ఒకాయన మాటల్లో ఏదో అంటే అనుమానమొచ్చి, మూడు వారాల కింద అక్క వడకట్టిన నూనెనే రెండిట్లోనూ నింపాడు. ఒకదాంట్లో రాగి ముక్క వేశాడు. రెండూ షెడ్డు రేకు మీద ఎండలో పెట్టాడు. ఏం తేలిందో అతనికి తెలుసు. అది తన నోటితో చెప్పడం కంటే ట్యాంకు చెబితే మేలనుకున్నాడు.

ఇద్దరూ కలిసి ట్యాంకు దించారు. నూనె వంపేసి, నిప్పురవ్వ భయం లేకుండా నీళ్ళు నింపి, చేతి రంపంతో మూత కోశారు. ఒకప్పుడు తమ్ముడు అతికించిన అతుకే. "ఎంత అందంగా చుట్టావు బావా" అని మెచ్చుకుంటూ మూత వేసింది తనే.

నీళ్ళు వంచేశాక బావ లోపలికి టార్చి వేశాడు.

అడుగు శుభ్రంగా ఉంది. మడ్డి అయితే అడుగునే పేరుకోవాలి. రాగి గొట్టం మాత్రం కనబడలేదు. దాని చుట్టూ పచ్చగా, నల్లగా, తోలులాంటి బంక. కిందికి వేలాడే ముక్కలు జల్లెడ మూతికి అతుక్కుని ఉన్నాయి. బావ వేలితో గీరాడు. కింద రాగి మెరిసింది.

తమ్ముడు సీసాలు తీసి గట్టు మీద పెట్టాడు. ఒకదాంట్లో నూనె తేటగా ఉంది. రెండోదాంట్లో ముక్క చుట్టూ అదే బంక.

"రాగి తగిలితే నూనె ఇలా అవుతుందట బావా. అక్క నూనెలో ఏ దోషమూ లేదు."

బావ సీసాని ఎత్తి చూశాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"ఇనప గొట్టం వేసి ఉంటే?"

తమ్ముడు రెండో సీసా మూత గట్టిగా బిగించాడు.

"నాకు రాగి తప్ప ఇంకోటి తోచదు కదరా" అన్నాడు బావ, ఎవరితోనో అన్నట్టు.

వసారాలో చెప్పుల చప్పుడైంది. బావ గబుక్కున గోనెపట్టా లాగి ట్యాంకు మీద కప్పాడు. సీసాలు కాళ్ళ వెనక్కి జరిపాడు. అక్క టీ గ్లాసులు పట్టుకొచ్చింది.

"దొరికిందా?"

"ఇంకా చూస్తున్నాం" అన్నాడు బావ, తల ఎత్తకుండా.

అక్క కాసేపు గోనెపట్టా వంక చూసింది. "తమ్ముడూ, నా గుడ్డ పోగులేమైనా కనబడ్డాయా? నిజం చెప్పరా. నేనేమీ అనుకోను."

తమ్ముడు టీ గ్లాసు అందుకుని మొహం తిప్పుకున్నాడు. అక్క అదే జవాబనుకుంది. తల ఊపి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

టీ చల్లారిపోయింది. బావ గచ్చు మీద కూలబడి, బంక అంటిన వేలిని గోనెపట్టాకి రుద్దుతూనే ఉన్నాడు. ఎంత రుద్దినా వదల్లేదు.

"ఏడాది" అన్నాడు చివరికి. "ఏడాదిగా రోజూ అంటూనే ఉన్నాను. ఇప్పుడిది తెలిస్తే మీ అక్క నన్నేమీ అనదురా. ఒక్క మాట కూడా అనదు. అది నేను భరించలేను."

తమ్ముడు సీసాలు సంచీలో పెట్టుకోబోయాడు. బావ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"బండి తుక్కుకి పోతే పోయింది. ఆ మూత మళ్ళీ అతికించెయ్యి. మీ అక్కకి చెప్పకు."