కూలికి విమానం

కొత్తగా కమర్షియల్ పైలట్ లైసెన్స్ చేతికొచ్చిన ఆ రోజుల్లో, ఆకాశాన్ని మొత్తం నా పేర రాసిచ్చారనే అనుకునేదాన్ని. (ఉద్యోగం మాత్రం ఎవరూ రాసివ్వలేదు. మా ఊరు బోగోలులో ఎవరైనా "ఏమ్మే, ఇంకా ఇంట్లోనే ఉండావా?" అంటే ఒళ్లు మండిపోయేది.) అలాంటప్పుడు ఒక ఏజెంటు ఫోన్ చేశాడు. కొలంబోలో ఉన్న చిన్న విమానాన్ని సింగపూర్ చేర్చాలి, మంచి జీతం. ఎగిరి గంతేసి సరేనన్నాను. సాయంత్రానికల్లా అమ్మ పాస్టరు గారితో మాట్లాడి, ఆదివారం మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక అని వాడంతా చెప్పేసింది.

శనివారం, నాకు విమానం నేర్పిన కెప్టెన్ గారికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు: "ఆ విమానం ఏ దేశంలో రిజిస్టరైంది?" అమెరికాలో అన్నాను. "అయితే అక్కడి లైసెన్సే కావాలమ్మా. మనది చూపిస్తే సొంతానికి నడుపుకోమని ఒకటి ఇస్తారు. డబ్బు తీసుకుని నడపాలంటే మాత్రం వాళ్ల కమర్షియల్ పరీక్షలు పాసవ్వాల్సిందే." ఫోన్ పెట్టేసి ఇంట్లో చెప్పాను. రొయ్యల లారీ తోలే నాయన మాత్రం ఒప్పుకోలేదు. "ఇదేం చోద్యం! తమిళనాడు నంబరు బండిని మన లైసెన్సుతో నేను మద్రాసు దాకా తోల్లేదా? నన్నెవరాపినారు?" అన్నాడు. అది రాష్ట్రం, ఇది దేశం నాయనా అంటే, "పోనీ జీతం వద్దను. తిండి, పడక ఇస్తే చాలను" అన్నాడు. (ఏజెంటుదీ అదే బేరం: జీతం అనొద్దు, కానుక అందాం అని. కెప్టెన్ గారిని మళ్లీ అడిగితే, తిండైనా కానుకైనా కూలేనన్నారు. అంతెందుకు, ఖర్చు లేకుండా పైలట్ అనుభవం లెక్కలోకి ఎగిరిన గంటలు కలిసొచ్చినా కూలి కిందే చూస్తారట!) ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఏడ్చి, మొహం కడుక్కుని, ఏజెంటుకి కుదరదని చెప్పేశాను.

ఆదివారం పొద్దున్నే కూడిక ఆపేద్దామంటే అమ్మ గరిటె ఎత్తింది. "బిర్యానీ పొయ్యెక్కినాక ఆపేదేంది? లేచి సాక్ష్యం చెప్పు. జరిగింది జరిగినట్టు చెప్పు." మేలు పొందినవాళ్లు లేచి నలుగురిలో చెప్పుకోవడం మా కూడికల్లో ఆనవాయితీ. మేలు చేజారినవాళ్లు ఏం చెప్పాలో నాకెవరూ నేర్పలేదు. అయినా లేచాను. "ఉద్యోగం పోయింది. అమెరికా లైసెన్సు లేక పోయింది. అది తెచ్చుకుంటాను. తెచ్చుకుని, ఆ దేశం విమానాన్నే కూలికి నడుపుతాను" అనేశాను. నిజానికి ఆ చివరి మాట రోషంలో నోరు జారింది. కానీ పాస్టరు గారు పెద్దగా "ఆమెన్" అన్నారు, ఇల్లంతా "ఆమెన్" అంది. వెనక వరసలోంచి నాయన, "తెచ్చద్దిలే, మొండిది మా బిడ్డ" అన్నాడు.

ఇక ఊరు ఊరుకుంటుందా? కూరగాయల కొట్టు దగ్గర, బస్సులో, చర్చి మెట్ల మీద ఒకటే మాట: "అమెరికాది వచ్చిందామ్మే?" నా చదువులో సగం ఆ పోరు పడలేక చదివిందే. ఒకసారి తప్పాను, మళ్లీ రాశాను, తెచ్చుకున్నాను. ఇప్పుడు దేశాల మీదుగా పరాయి విమానాలు చేరవేయడమే నా బతుకు. సముద్రం మీద ఒంటరిగా ఎగురుతున్నప్పుడు ఆ రోజు కూడికలో సాక్ష్యం చెప్పిన పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ముందు ఎన్ని పరీక్షలున్నాయో, ఎంత ఏడుపుందో తెలిసుంటే నోరు మూసుకుని కూర్చునేది. పిచ్చిది, ఏమీ తెలియదు కాబట్టే లేచి నిలబడింది.