నాయక్ చేతిలో ఉప్పు

మా నాయన పార్లమెంటుకు నిలబడ్డాడంటే తనకల్లు సంతలో నవ్వనివాడు లేడు. "ఏమప్పా, సుగాలోళ్లు గూడా ఢిల్లీకి పోతారా?" అని ఎకసెక్కాలు. నాయన మా తండాకు నాయక్. ఏండ్ల తరబడి వానల్లేవు, తండాకు బావి లేదు. ఊరి తోటాయన బావి నుంచి ఆడవాళ్లం బిందెలతో మోసుకునేవాళ్లం, అదీ ఆయన సరేనంటేనే. ప్రతి తండాకూ సర్కారు బావి అడగాలని నాయన ఇండిపెండెంటుగా నామినేషన్ వేశాడు. పక్క తండాలవాళ్లు వచ్చి, "నీ వెనక మేముండాం" అన్నారు. నాకు కొత్తగా ఓటొచ్చింది. బావి వచ్చేసినట్టే సంబరపడ్డాను, పిచ్చిదాన్ని.

నామినేషన్ వెనక్కి తీసుకునే గడువు దాటాక, తోటాయన బావి చుట్టూ కంప వేయించి నాయనను పిలిపించాడు. ఖాళీ బిందెలతో మేమూ వెళ్లాం.

"నిలబడు, ఎవురొద్దన్నారు? నీ తండా ఓట్లు మాత్రం మా పార్టీ ఆయనకు పడల్ల. సరేనంటే ఇప్పుడే కంప తీపిస్తా" అన్నాడు. లోపలి నుంచి గుప్పెడు ఉప్పు తెప్పించాడు.

ఎంత తెలివి, పాడుగాను! మా తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు మోసి బతికినవాళ్లు. ఉప్పు చేతబట్టి నాయక్ అన్న మాట తండా మొత్తానికీ కట్టుబాటు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. నాయన మా బిందెల వైపు చూశాడు. వదిన చంకలో బిడ్డ నీళ్లకు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉంది. నాయన చెయ్యి చాపాడు.

పోలింగు రోజు నాకు ఒళ్లు మండిపోయింది. "లోపల ఎవురు చూస్తారు నాయనా? నీకే ఏస్తా" అన్నాను.

"ఉప్పు చూస్తాది" అన్నాడు.

ఏడుస్తూనే తోటాయన చెప్పిన గుర్తు మీద ముద్ర గుద్దాను. తండా అంతా అంతే. నాయన కూడా అంతే.

నాయన ఓడిపోయాడు. పక్క తండాలవాళ్లు మాత్రం ఆయనకే వేశారు, వేశామని అందరికీ చెప్పుకున్నారు కూడా. దాంతో వాళ్లకు నీళ్లిచ్చే రైతులు బావులకు కంప కొట్టారు. కొన్నాళ్లకు వాళ్లలో ఒక తండా నాయక్, ముసలాయన, తన మనుషులతో మా ఇంటికొచ్చాడు.

"నీకు ఓటేసినామని మాకు నీళ్లు లేకుండా చేసినారు. ఈ పూటకు ఇన్ని నీళ్లు పొయ్యండప్పా" అన్నాడు.

అమ్మ మా కాగులోని నీళ్లన్నీ వాళ్ల బిందెలో పోసింది. ముసలాయన తాగడానికి దోసిలి పట్టబోయి ఆగాడు. "అవునూ, మీ తండా గూడా నీకే ఏసింటాది గదా. మీకెట్ల ఇస్తాండాడు తోటాయన?"

నాయన చెప్పాడు, తలెత్తకుండా, ఉన్నదున్నట్టు.

ముసలాయన బిందె ఎత్తి నీళ్లన్నీ మళ్లీ మా కాగులోనే పోసి, తన మనుషుల్ని తీసుకుని ఎండలో వెళ్లిపోయాడు.

ఆ నీళ్లతోనే అమ్మ సంగటి కెలికింది. నాయన ముట్టలేదు. మేం తిన్నాం.