ఖుబానీ శాంపిల్

పగిడయ్యకు దేన్నయినా కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి చూడందే మనసు నిమ్మళించదు. ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో గ్రేడు తేల్చడానికి శాంపిళ్లు తీసిన చేతులవి. కుప్ప చేయడం, నాలుగ్గా చీల్చడం, ఎదురెదురు భాగాలు తీసేసి మిగిలింది మళ్లీ కుప్ప చేయడం. రిటైరై జూలూరుపాడులో ఇల్లు కట్టుకున్నా గని ఆయన్ని వదల్లేదు. కందిపప్పయినా, చివరికి అల్లుడు తెచ్చిన లడ్డూలయినా ముందు కుప్ప పడాల్సిందే.

ఈసారి వంతు ఖుబానీలది, అంటే ఎండు ఆప్రికాట్ పండ్లది. కొత్తగూడెం నుంచి మూడు రకాలు తెచ్చి పక్కింటి ప్రమీల వాకిట్లో గుడ్డ పరిచాడు.

ప్రమీలకు నవ్వే ఓపిక లేదు. ఆరో నెల. రక్తం ఎనిమిదే ఉందని, పది దాటకపోతే కాన్పు కష్టమని నర్సు భవాని చెప్పినప్పటి నుంచి ఆమె మనసు మనసులో లేదు. మాత్రలు మింగుతోంది గానీ తిండి సయించదు. జాలిపడి ఎవరేమిచ్చినా ముట్టదు, అభిమానం.

“బిడ్డా, జర పని పడ్డది. నాకు షుగరు. నువ్వు తిని చెప్పాలె.”

“ఏంది తాతా గిది, బొగ్గా?”

“ఎక్కిరియ్యకు. గీ నారింజ రంగుది మెత్తగుంది, గింజ లేదు. రంగు నిలవనీకి గంధకం పొగ పెడ్తరట. గీ గోధుమ రంగుది ముడతలు పడ్డది, గింజే సగం బరువు. గీ చిన్నది లడాఖ్‌ది, తీపి జాస్తి. దేంట్ల బలమెక్కువో తేల్చాలె. రోజుకు ఐదు తిను. శాంపిల్ తప్పు పోతే నా ఇజ్జత్ పోతది!”

ఆయన కంగారు చూసి ఆమెకే జాలేసింది. ముసలాయన పని చెడగొట్టడమెందుకని రోజూ తిని “పులుపు”, “పీచు” అంటూ చెప్పేది. ఆయన నోట్‌బుక్‌లో ఎక్కించుకునేవాడు. ఓసారి “మంచిగుంది” అంటే కోప్పడ్డాడు.

“మంచిగుంటే ఏం గ్రేడు? సక్కగ చెప్పు!”

నెల తిరిగేసరికి రక్తం తొమ్మిదైంది. భయం మాత్రం తగ్గలేదు. మరుసటి నెల ప్రమీల దవాఖానా బెంచీ మీద రక్త పరీక్ష ఫలితం కోసం కూర్చుంది. తోడొచ్చిన పగిడయ్య టేబుల్ మీది దూది ఉండల్ని కుప్ప పోసి నాలుగు భాగాలు చేస్తున్నాడు. భవాని ఆయన చేతి మీద ఒక్కటేసింది.

“పది పాయింట్ నాలుగు. మాత్రలు, తిండి రెండూ ఒంటికి పట్టినయ్.”

ఆయన గబగబా నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు. ప్రమీల తొంగిచూసింది. బరువు, గుజ్జు, గింజ, పులుపు. ఆ గళ్లలో సగం ఖాళీ. చివరి గడి మీద ‘మా ప్రమీల’ అని ఉంది. దాని కింద ఎనిమిది, తొమ్మిది, పది పాయింట్ నాలుగు.

ఆమె వెనక్కి జరిగింది. ఏమీ చూడనట్టే అడిగింది.

“ఇంతకీ ఏ రకం గెలిచింది తాతా?”

“ఇంకా తేల్లే బిడ్డా,” అన్నాడు పగిడయ్య నేల చూపులు చూస్తూ.

“అవ్, నాకూ అనుమానంగనే ఉంది,” అంది ప్రమీల. “కాన్పు దాకా కుప్ప పొయ్యాల్సిందే.”