ఎర్ర రెక్క

మాది మిర్యాలగూడ పక్క, మూసీ ఒడ్డు. చేపలు పట్టే మా ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. పెండ్లికూతురు పుట్టింటి నీళ్లను, వాటిలో బతికున్న చేపపిల్లలను కుండలో తీసుకుపోయి అత్తగారి చెరువులో వదలాలి. నేను ఏటి పరిగెలు తెచ్చాను. వేలెడు చేపలు, సన్నటి ఒళ్లు, ఎర్ర రెక్కలు. మోతె దగ్గరి అత్తగారి చెరువులో పరిగెలు పొట్టివి, రెక్కలతో సహా బురద రంగువి.

కుండ వంచుతుంటే మా అత్త నలుగురి ముందూ అన్నది: "ఏటి రకం. ఉరుకుడే గని నిలువది."

చేపలనన్నదో నన్నన్నదో అందరికీ అర్థమైంది. నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

రెండు వానకాలాల్లో రెండు రకాలూ కలిశాయి. అటూ ఇటూ కాని పిల్లలు వలలో పడసాగాయి. ఆ మీది ఎండాకాలం చెరువు ఎండి మడుగులైంది. నీళ్లు కాగి పరిగెలు తెల్లగా తేలాయి. చచ్చినవాటిలో సన్నవే ఎక్కువ. కోదాడ సంతకు పంపడానికి ఎండుచేప లేదు, ఇంట్లో గంజికి నూకలు లేవు.

"నీ ఏటి నెత్తురు కలిసి మా చేప చెడ్డది. మీ ఇంటికి పో పిల్లా" అన్నది అత్త.

ఏ ఇంటికి? రజాకార్ల భయానికి మావాళ్లు ఊరొదిలి కోదాడ అవతల సరిహద్దు దాటిపోయారు. ఉన్నారో లేదో కూడా తెలియదు. అది ఆమెకూ తెలుసు. నా భర్త వల అల్లుతూ తలెత్తలేదు. "వానలు పడేదాక ఆగవే అవ్వా" అన్నాడు తల్లితో.

"ఆగుత. వల నిండితే ఉంటది. లేకుంటే సూర్యాపేటల బస్సెక్కిస్త."

బావి నీళ్లు మోసి మడుగులో పోశాను. తెల్లారేసరికి ఆ తడి కూడా మిగిలేది కాదు. ఒక్కో మడుగూ ఎండి బీటలు వారుతుంటే, గట్టు మీద కూర్చుని నా చావును నేనే చూస్తున్నట్టుండేది.

వానలు పడ్డాయి. చివరి మడుగులో మిగిలిన గుప్పెడు పరిగెలే గుడ్లు పెట్టాయి. చలికాలానికి వల నిండింది. అన్నీ పొట్టివి, బురద రంగువి.

"సూసినవా, మా చెరువుది గట్టిది. నీది పాయె."

ఒక పరిగె తీసి రెక్క విప్పాను. ఎర్రగా ఉంది. ఇంకొకటి విప్పాను. అదీ అంతే. సన్నటి ఒళ్లు వేడి బురదకు ఆగలేదు. చెరువు దాన్ని ఏరి పారేసింది. ఎరుపు బతుక్కి అడ్డం రాలేదు, ఉండిపోయింది.

"మరి ఇదెవరిది అత్తా?"

"రెక్క ఎర్రగుంటే ఏమాయె. బతికింది మా ఒళ్లే" అని వల దులిపింది.

నన్ను బస్సెక్కించలేదు. అన్న మాటా వెనక్కి తీసుకోలేదు. నేను మాత్రం ఆ రోజు నుంచి పరిగెలు తోమేటప్పుడు రెక్కలు కోయడం మానేశాను. పులుసులో ఎరుపు వెలిసిపోతుంది. రెక్క ముల్లు మాత్రం పంటికి తగులుతుంది.